టైమ్ చాలట్లేదా? మన తిరుపతి ఇండ్లలో రోజుని సర్దుకునే పద్ధతి

మన ఊర్లో ఎవర్ని పలకరించినా ఒకటే మాట, టైమ్ లేదబ్బా అని. ఉద్యోగం చేసేవాళ్ళూ అదే అంటారు, ఇంట్లో ఉండేవాళ్ళూ అదే అంటారు, రిటైరై మనవళ్ళని చూసుకునేవాళ్ళు కూడా అదే అంటారు, అందరూ చెప్పేది నిజమే. నేను బైరాగిపట్టెడలో ఉంటా, ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తా, మా ఆయనది రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ మాతోనే ఉంటారు. మాలాంటి ఇంట్లో ఏది పనికొస్తాదో ఏది రాదో కొన్నేళ్ళుగా చూస్తా ఉన్నా కాబట్టి ఇదంతా ఒకచోట రాయాలనిపించింది.

నెట్‌లో దొరికే టైమ్‌టేబుళ్ళు చూసుంటారు కదా, పొద్దున 5కి లేవాలి, 5:15కి ధ్యానం, 5:45కి వాకింగ్, 6:30కి పుస్తకం అని. అవి తప్పని నేను అనను, కానీ రోజంతా తన చేతిలోనే ఉండే మనిషికి రాసినవి అవి. మన రోజు మనొక్కరిదే కాదు. మున్సిపాలిటీ నీళ్ళు వచ్చేదానికి ఒక టైమ్ ఉంటాది, స్కూల్ ఆటో మనకోసం ఆగదు, షిఫ్ట్ వారవారం మారతాది, మధ్యలో ఊరి నుంచి చుట్టాలు ఫోన్ చేస్తారు "రేపు కొండకి వస్తా ఉండాం" అని. అందుకే మన చేతిలో లేనివి ఏవో ముందు పేపర్ మీద పెట్టి, మిగిలిన ఖాళీల్లో మన పనులు పెట్టుకోవాలి, ఏ పనినీ తలకాయలో మోసుకోని తిరగకూడదు. నేను చెప్పేది మొత్తం ఈ రెండే, మిగతాదంతా ఎట్లా చేయాలనేదే.

ముందు ఒక వారం ఊరికే చూడండి

మొదటి వారం ఏమీ మార్చొద్దు. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోని పొద్దున టిఫిన్ అయ్యాక, మధ్యాహ్నం అన్నం తిన్నాక, రాత్రి పడుకునే ముందు రెండేసి లైన్లు రాయండి, ఇంతసేపూ ఏం చేశాం, దేనికి ఎక్కువ టైమ్ పట్టిందని. గంట గంటకీ రాయాలనుకుంటే రెండో రోజే ఆపేస్తారు, అందుకే మూడుసార్లు చాలు. ఫోన్ సంగతి రాయక్కర్లేదు, అదే లెక్క పెట్టుకుంటాది, ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్, దాంట్లో ఏ యాప్ ఎంతసేపు చూశామో రోజువారీగా ఉంటాది.

అందరూ ఫోన్‌నే తిడతారు గానీ ఇండ్లలో నేను చూసిందాన్ని బట్టి ఎక్కువ టైమ్ పోయేది మూడు చోట్ల: వెతకడం, మళ్ళీ పోవడం, ఏం చేయాలా అని నిలబడి ఆలోచించడం. స్కూటీ తాళం యాడ పెట్టామో వెతకడం, అంగడికి పోయొచ్చాక చింతపండు మర్చిపోయామని మళ్ళీ పోవడం, పొద్దున ఆరున్నరకి స్టవ్ ముందు నిలబడి ఈరోజు ఏం చేద్దామబ్బా అనుకోవడం. ఒక్కోటి పది నిమిషాలే అనిపిస్తాది, రోజుకి అట్లాంటివి ఎన్ని ఉన్నాయో మీ వారం నోట్స్‌లో మీకే కనిపిస్తాది. మీ ఇంట్లో వేరేది ఏదైనా ఎక్కువ ఉండొచ్చు, అది తెలుసుకునేదానికే ఈ వారం.

ఒకే ఒక్క నోట్‌బుక్

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం, అందుకే ఎక్కువ రాస్తా ఉన్నా. పనులన్నీ ఒకే చోట రాయాలి. ఫ్రిజ్ మీద ఒకటి, కరెంట్ బిల్లు వెనకాల ఒకటి, ఫోన్‌లో ఒకటి, ఆయనకి చెప్పింది ఒకటి, ఇట్లా ఉంటే రాసినా రాయనట్టే. పేపర్ మీద రాసే అలవాటు ఉంటే చేతిసంచిలో పట్టే నోట్‌బుక్, ఫోన్ అలవాటు అయితే గూగుల్ కీప్ లాంటిది, అదీ కష్టమైతే వాట్సాప్‌లో మనకి మనమే మెసేజ్ పెట్టుకునేది 2022 చివర్లో వచ్చింది కదా, అది చాలు. మా అత్తమ్మకి టైపింగ్ రాదు, ఆమె వాయిస్ పెడతారు, "శనివారానికి నువ్వుల నూనె అయిపోతా ఉంది" అని, నేను రాత్రి విని నోట్‌బుక్‌లో ఎక్కిస్తా.

ఎట్లా రాస్తామనేది కూడా చూసుకోవాలి. చాలామంది లిస్ట్ రాసినా పనులు కదలవు, ఎందుకంటే లిస్ట్‌లో "గ్యాస్", "మాత్రలు", "పెండ్లి" అని ఉంటాది. అవి పేర్లు, పనులు కాదు. చదివిన ప్రతిసారీ మళ్ళీ మొదట్నుంచి ఆలోచించాల్సి వస్తాది, ఆలోచించే ఓపిక లేక పక్కన పెట్టేస్తాం. ఇట్లా రాసి చూడండి:

గ్యాస్ బుక్ చేయాలి, ఈ రాత్రే, ఫోన్‌లో.

అత్తమ్మ బీపీ మాత్రలు శుక్రవారం వరకే ఉండాయి, గురువారం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు మెడికల్ షాపులో నెలకి సరిపడా తీసుకోవాలి, చీటీ సంచిలో పెట్టుకోవాలి.

చిన్నమ్మ కూతురి పెండ్లి చీర బ్లౌజ్ కొలతలు టైలర్‌కి ఇయ్యాలి, ఈ ఆదివారం, పెండ్లికి మూడు వారాల ముందే.

తేడా చూడండి. మూడోదాంట్లో పెండ్లి అనే మాట కింద ఇరవై పనులు ఉంటాయి, నగలు, ప్రయాణం, సెలవు, చదివింపులు, అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, వాటిల్లో ముందు చేయాల్సిన ఒక్కటి మాత్రం పూర్తి వాక్యంగా రాయండి, ఏ రోజు, ఎవరు, యాడ అనేది కలిపి. అది అయ్యాక రెండోది రాసుకుంటాం. ఇట్లా రాసింది అలిసిపోయి ఉన్నప్పుడు చదివినా కాళ్ళు వాటంతట అవే కదులుతాయి, మళ్ళీ బుర్ర పెట్టాల్సిన పని ఉండదు.

ఇంకోటి, పని గుర్తొచ్చిన నిమిషంలోనే రాయండి. తర్వాత రాద్దాంలే అంటే అది రాత్రి పదకొండుకి పడుకున్నాక గుర్తొస్తాది. సగంలో ఉన్న పనులు మనసుని వదలవనేది మనకి అనుభవమే, ఎప్పుడు ఎట్లా చేయాలో ప్లాన్ రాసిపెట్టుకుంటే ఆ పని ఇంకా అవ్వకపోయినా బుర్ర తేలికవుతాదని 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు సైకాలజీ వాళ్ళు ప్రయోగం చేసి చూపించారు కూడా. నిద్ర సరిగా పట్టని వాళ్ళు దిండు పక్కన నోట్‌బుక్ పెట్టుకోని చూడండి.

రాత్రి పది నిమిషాలు

పొద్దున హాయిగా జరగాలంటే రాత్రే సగం అయిపోవాలి. గిన్నెలు కడిగేసినాక కూర్చోని నోట్‌బుక్ మొత్తం ఒకసారి చదవండి, దాంట్లోంచి రేపటికి మూడు పనులు తీసి కొత్త పేజీలో రాయండి. మూడే. రోజూ చేసే వంట, స్కూల్, ఆఫీసు ఇవి లెక్కలోకి రావు, వాటికి అదనంగా మూడు. పది రాసుకుంటే నాలుగవుతాయి, ఆ నాలుగూ తేలికైనవి అవుతాయి, ముఖ్యమైనది మిగిలిపోతాది. మూడు రాసుకుంటే మూడూ అవుతాయి, టైమ్ మిగిలితే నాలుగోది చేసుకోవచ్చు, ఎవరు వద్దంటారు.

తర్వాత రేపటి వంట అనుకోండి. ఏం చేయాలో రాత్రే అనుకుంటే కొమ్ముశనగలు నానేసుకోవచ్చు, చింతపండు ఉందో లేదో చూసుకోవచ్చు, కూరగాయలు తరిగి డబ్బాలో పెట్టుకోవచ్చు. మా ఇంట్లో వారానికి రెండుసార్లు ఇడ్లీ పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెడతాం, ఒకరోజు ఊరిబిండి కొంచెం ఎక్కువ నూరుకుంటాం, దోసెలోకీ అన్నంలోకీ సంగటిలోకీ అన్నిటికీ పనికొస్తాది. పిల్లల యూనిఫాం, బూట్లు, నీళ్ళ బాటిళ్ళు, ఆఫీస్ బ్యాగు, స్కూటీ తాళం, ఇవన్నీ తలుపు దగ్గర ఒకే చోట ఉండాలి. తాళానికి ఒక మేకు కొట్టండి గోడకి, ఇంట్లోకి రాగానే చేతిలోంచి దాని మీదికే పోవాలి, టీవీ మీదికీ కాదు, సోఫా మీదికీ కాదు. ఈ ఒక్క మేకుతో ఇంట్లో సగం అరుపులు తగ్గుతాయి, నిజంగా.

కదలని పనుల చుట్టూ రోజుని కట్టుకోవడం

ఒక పేపర్ మీద నిలువుగా గీత గీసి పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా గంటలు రాయండి. దాని మీద ముందు మన చేతిలో లేని పనులు మాత్రం పెట్టండి: నీళ్ళు వచ్చే టైమ్, స్కూల్ ఆటో, ఆఫీసు, పాలబ్బాయి, ట్యూషన్, కంపెనీ బస్సు. ఇవి గొడ్డుని కట్టేసే గుంజల మాదిరి, మనం లాగినా కదలవు, అందుకే వాటి చుట్టూనే తిరగాలి. ఇప్పుడు గుంజకీ గుంజకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. మాకైతే పొద్దున నీళ్ళు పట్టుకున్నాక స్కూల్ ఆటో వచ్చేలోపు గంట కూడా ఉండదు, అది వంటకే, దాంట్లో ఇంకేమీ పెట్టకూడదు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఒక మంచి ఖాళీ ఉంది, ముఖ్యమైన పని ఏదున్నా దాంట్లోనే. ఇట్లా మీకు రోజులో రెండో మూడో ఖాళీలు దొరుకుతాయి, రాత్రి తీసుకున్న మూడు పనులు ఆ ఖాళీల్లో ఒక్కోటి పెట్టేసుకోండి.

షిఫ్ట్ డ్యూటీ ఉన్న ఇండ్లకి ఒక్క పేపర్ చాలదు. రేణిగుంటలో గానీ శ్రీసిటీలో గానీ పనిచేసేవాళ్ళ ఇండ్లలో ఈ వారం నడిచిన పద్ధతి వచ్చే వారం నడవదు. అందుకని షిఫ్ట్‌కి ఒక పేపర్ రాసుకోవాలి, పొద్దున షిఫ్ట్ వారం, మధ్యాహ్నం షిఫ్ట్ వారం, నైట్ వారం, మూడూ బీరువా తలుపుకి అంటించి ఏ వారానికి ఆ పేపర్ పైకి రావాలి. నైట్ షిఫ్ట్ వారంలో మనిషి పగలు పడుకుంటాడు, కాబట్టి మిక్సీ, కుక్కర్ విజిల్, బట్టల మెషీన్ ఇవన్నీ సాయంత్రానికి పోవాలి, పగలు శబ్దం లేని పనులు, బట్టలు మడతపెట్టడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, ఆన్‌లైన్ పనులు. ఇది ముందే రాసిపెట్టుకుంటే నిద్ర చెడగొట్టావని ఒకరూ, నేనేం చేయాలని ఒకరూ అనుకునే పని ఉండదు.

పెద్దవాళ్ళున్న ఇంట్లో రాహుకాలం కూడా ఒక గుంజే. నమ్మకం ఉన్నా లేకపోయినా, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర మధ్యలో కొత్త బండి తెస్తానంటే ఇంట్లో ఒప్పుకోరు, అప్పుడు వాదన పెట్టుకోని అరగంట పోగొట్టుకోవడం కన్నా దాన్ని ముందే పేపర్ మీద పెట్టేసుకుంటే పోయింది. సూర్యోదయం ఆరు గంటలు అనుకోని చెప్పే లెక్క ఇది: సోమవారం 7:30 నుంచి 9, మంగళవారం 3 నుంచి 4:30, బుధవారం 12 నుంచి 1:30, గురువారం 1:30 నుంచి 3, శుక్రవారం 10:30 నుంచి 12, శనివారం 9 నుంచి 10:30, ఆదివారం 4:30 నుంచి 6. ఆ గంటన్నరలో కొత్తవి మొదలుపెట్టొద్దంటారు గానీ మొదలుపెట్టినవి పూర్తిచేయొద్దని ఎవరూ అనరు. అందుకే నేను ఆదివారం సాయంత్రం ఆ టైమ్‌ని సగంలో ఆగిన పనులకి పెట్టేశా, బీరువా సర్దడం, బిల్లులు ఫైల్‌లో పెట్టడం, పిల్లల బట్టలకి గుండీలు కుట్టడం. అత్తమ్మకి సంతోషం, నాకు పని అయిపోతాది.

బయటి పనులు, రోడ్డు మీద పోయే టైమ్

ఒక పనికి ఎంతసేపు పడతాదో మనిషి ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తాడు. ఇంతకుముందు ఆలస్యమైన సంగతి గుర్తున్నా సరే ఈసారి అవదులే అనుకుంటాడు. 1979లోనే కానెమన్, ట్వెర్‌స్కీ దీనికి ఒక పేరు పెట్టి రాశారు, ప్లానింగ్ ఫాలసీ అని. దీనికి మందు తేలిక, మనం అనుకున్న టైమ్‌కి సగం కలుపుకోవడమే. అరగంట అనుకుంటే ముక్కాలుగంట రాసుకోండి. తిరుపతిలో అయితే ఇది ఇంకా గట్టిగా పాటించాలి, ఎందుకంటే ఇక్కడి రోడ్ల మీద ఉండేది మనమే కాదు, ఊరూరి నుంచీ వచ్చిన యాత్రికుల బండ్లు ఉంటాయి. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ వచ్చాక తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం దాకా పోయేది తేలికైంది గానీ లీలామహల్ సర్కిల్, బస్టాండ్ చుట్టూ, అలిపిరి రోడ్డు, శని ఆదివారాల్లో ఎట్లా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. పెరటాసి నెల (సెప్టెంబర్ అక్టోబర్ మధ్య వచ్చే తమిళ నెల) శనివారాల్లో తమిళనాడు నుంచి వచ్చే జనంతో ఇంకా ఎక్కువ. కాబట్టి బయటి పనులు మంగళ, బుధ, గురువారాలకి జరపండి, శనివారం ఇంటి పనులకి ఉంచుకోండి.

పనుల్ని వీధుల వారీగా కలపండి. గాంధీరోడ్డు వైపు పోతా ఉంటే ఆ వైపు పనులన్నీ ఒకేసారి, బట్టలంగడి, పూజ సామాన్లు, గడియారం బ్యాటరీ, అన్నీ. నా నోట్‌బుక్‌లో చివరి పేజీలు ఇట్లా ఏరియా పేరు మీద ఉంటాయి, గాంధీరోడ్డు అని ఒక పేజీ, ఎయిర్ బైపాస్ అని ఒక పేజీ, చిత్తూరు అని ఒక పేజీ ఎందుకంటే మా అమ్మగారి ఊరు అటే. చిత్తూరుకి పోయినప్పుడు చేయాల్సినవి గుర్తొచ్చినప్పుడల్లా ఆ పేజీలో ఎక్కిస్తా, పోయే రోజు ఆ ఒక్క పేజీ చూసుకుంటే చాలు.

చుట్టాలు

ఇది తిరుపతిలో ఉండేవాళ్ళకే అర్థమవుతాది. ఊర్లో ఉండే చుట్టాలు, వాళ్ళ పక్కింటివాళ్ళు, చదువుకునేటప్పటి ఫ్రెండ్స్, ఆఫీసులో వాళ్ళు, అందరికీ తిరుపతిలో మనిల్లు ఉంది. నాకు చుట్టాలు వస్తే ఇష్టమే, కొండకి వచ్చేవాళ్ళకి ఒక పూట అన్నం పెట్టేది ఈ ఊర్లో ఉన్నందుకు దొరికిన అదృష్టం అని మా అత్తమ్మ అంటారు, నేనూ అదే నమ్ముతా. కానీ ఒక పద్ధతి లేకపోతే ఒక్కో రాకతో రెండు రోజులు పోతాయి, మనకీ చిరాకు, వచ్చినవాళ్ళకీ ఇబ్బంది.

ముందు ఫోన్‌లో ఒక మెసేజ్ రాసి దాచుకోండి. "దర్శనం ఎట్లా, టికెట్ ఎట్లా" అని అడిగే ప్రతి ఒక్కరికీ ఇరవై నిమిషాలు చెప్పే బదులు ఆ మెసేజ్ పంపించి తర్వాత రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. దాంట్లో ఏముండాలంటే, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో దాదాపు మూడు నెలల ముందే వదులుతారని, మామూలుగా నెలలో 24వ తేదీ ప్రాంతంలో పొద్దున 10కి, నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి ముందే లాగిన్ అయ్యి ఉండాలని, తేదీ టీటీడీ సైట్‌లో చూసుకోని అప్పుడే ట్రైన్ టికెట్ బుక్ చేసుకోమని. టికెట్ లేనివాళ్ళకి ఉచిత టైమ్ స్లాట్ టోకెన్లు తిరుపతిలో రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌లలో ఇస్తారని. ఆధార్ ఒరిజినల్ అందరిదీ తెచ్చుకోవాలని, మగవాళ్ళు పంచె లేదా కుర్తా పైజామా, ఆడవాళ్ళు చీర లేదా చున్నీతో చుడీదార్ అని. ఇంటి అడ్రస్ లొకేషన్ కూడా దాంట్లోనే. రూల్స్ మారినప్పుడు మెసేజ్ కూడా మార్చుకోండి.

రెండోది, మనకి వీలయ్యే రోజు మనమే చెప్పడం. "ఎప్పుడైనా రండి" అనేది ప్రేమతో అనే మాటే గానీ వాళ్ళకీ దాంతో ఉపయోగం లేదు. "అక్కా, శుక్రవారం నాకు ఆఫీసు, ఆయనకి నైట్, శనివారం రాత్రి భోజనానికి ఇంటికే రండి, ఆదివారం పొద్దున మా ఆయన బస్టాండ్‌లో దింపుతారు" అని చెప్పండి. ఎవరూ తప్పుగా అనుకోరు, పైగా ఏ పూట మనింట్లో ఏ పూట బయట అనేది వాళ్ళకీ స్పష్టంగా తెలుస్తాది. రానే వద్దని చెప్పాల్సి వస్తే, పిల్లల పరీక్షలప్పుడో ఒంట్లో బాగాలేనప్పుడో, కారణం ఒక్క వాక్యంలో నిజంగా చెప్పి, బదులుగా ఏం చేయగలమో చెప్పండి, రూమ్ చూసిపెడతామనో, కిందకి దిగాక వచ్చి కలుస్తామనో.

మూడోది, ఇంట్లో ఒక అట్టపెట్టె. ఉతికిన దుప్పట్లు, రెండు తుండుగుడ్డలు, కొత్త సోపులు, ఒక ఛార్జర్. వంటకి కూడా ఒక ఖాయమైన మెనూ, చింతపండు పులిహోర, పప్పుచారు, ఏదో ఒక వేపుడు, పెరుగు. పులిహోర పులుసు ముందే ఉడికించి సీసాలో పెట్టుకుంటే అన్నం వండిన పది నిమిషాల్లో అయిపోతాది, కొండెక్కేవాళ్ళకి కట్టిచ్చేదానికి కూడా వీలు. రాత్రి తొమ్మిదికి ఫోన్ వచ్చినా కంగారు ఉండదు.

కాగితాలు, తేదీలు

ఇంట్లో మనిషికి ఒక ఫైల్. పేరు రాసి, దాంట్లో ఆధార్, స్టడీ సర్టిఫికెట్లు, హాస్పిటల్ చీటీలు, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్స్. ఇంటిది ఒక ఫైల్, కరెంట్, ఇంటిపన్ను, గ్యాస్, రేషన్ కార్డు. ఒరిజినల్స్ బీరువాలో, ఫోన్‌లో డిజిలాకర్ కూడా పెట్టుకోండి, 2015 నుంచి ఉంది అది, ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ దాంట్లో చూపిస్తే చాలాచోట్ల ఒప్పుకుంటారు. మన రాష్ట్రంలో 2025 జనవరి నుంచి మన మిత్ర అని వాట్సాప్ సర్వీస్ కూడా వచ్చింది, కొన్ని సర్టిఫికెట్లకీ బిల్లులకీ క్యూలో నిలబడే పని తప్పింది, సచివాలయానికి పోయే ముందు ఆ పని దాంట్లో అవుతాదేమో ఒకసారి చూడండి.

తేదీలు మాత్రం ఫోన్ క్యాలెండర్లో, ఏడాదికోసారో ఎప్పుడో ఒకసారో వచ్చేవి కూడా: బండి ఇన్సూరెన్స్, పొల్యూషన్, పిల్లలకి 5 ఏళ్ళప్పుడు ఒకసారి 15 ఏళ్ళప్పుడు ఒకసారి ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్, జీతం మీద ఉండేవాళ్ళకి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ మామూలుగా జూలై 31, కేంద్ర ప్రభుత్వ పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ళుంటే నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్. గడువు రోజుకి కాకుండా రెండు వారాల ముందుకి అలారం పెట్టండి. బిల్లులన్నీ నెలలో ఒకే రోజు కట్టేయండి, జీతం పడ్డ మరుసటి ఆదివారం అయితే బాగుంటాది.

కూర్చోని చేయాల్సిన పని

చదువు, లెక్కలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఇవి మధ్యమధ్యలో లేస్తా చేస్తే అవవు. దీనికి 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి బాగుంటాది, 1980ల చివర్లో ఇటలీలో చదువుకునే ఫ్రాన్సిస్కో చిరిల్లో అనే ఆయన టమోటా ఆకారంలో ఉండే వంటింటి టైమర్ పెట్టుకోని మొదలుపెట్టింది. ఎస్వీ యూనివర్సిటీ వైపు రూముల్లో ఉండి గ్రూప్స్‌కి, బ్యాంక్ పరీక్షలకి చదివే పిల్లలకి ఇది గట్టిగా చెప్తా. కానీ ఫోన్‌లో టైమర్ పెట్టొద్దు, టైమర్ చూసేదానికి ఫోన్ తీస్తే నోటిఫికేషన్ కనిపిస్తాది. గడియారమో, వంటింటి టైమరో వాడండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఆ ఐదు నిమిషాల విరామంలో కూడా రీల్స్ వద్దు, నీళ్ళు తాగి మిద్దె మీద రెండు అడుగులు వేసి రండి.

ఒక్కరే మోయొద్దు

ఇంటి ఆడవాళ్ళకి టైమ్ లేకపోయేదానికి పెద్ద కారణం, పని వేరేవాళ్ళు చేసినా గుర్తుపెట్టుకునేది మాత్రం తానే కావడం. "నువ్వు చెప్పుంటే చేసేవాడ్ని కదా" అనే మాట వినని ఇల్లు లేదు. చెప్పడం కూడా ఒక పనే. అందుకే పనిని పూర్తిగా ఇచ్చేయండి, గుర్తుపెట్టుకోవడంతో సహా. మా ఇంట్లో నీళ్ళ క్యాన్, గ్యాస్, బండ్ల సర్వీసింగ్ ఆయనవి, అయిపోయేది చూసుకునేది కూడా ఆయనే, నేను అడగను. పెద్దోడు బూట్లు, బాటిళ్ళు, చెత్త బండి. చిన్నది పూలమొక్కలకి నీళ్ళు. అత్తమ్మ పాలు, కూరగాయల లెక్క. మొదట్లో ఒకటీ రెండుసార్లు నీళ్ళ క్యాన్ అయిపోతాది, అప్పుడు మనం పరిగెత్తి తేకూడదు. కాచిన నీళ్ళు తాగుదాం ఆ పూట, మళ్ళీసారి వాళ్ళకే గుర్తుంటాది.

పద్ధతి చెడిపోయే వారాలు

ఏడాదిలో కొన్ని వారాలు ఏ ప్లానూ నడవదు, అవి ఏవో మనకి ముందే తెలుసు. మే నెలలో గంగజాతర, జూన్‌లో స్కూళ్ళు, సెప్టెంబర్ అక్టోబర్లో బ్రహ్మోత్సవాలు, డిసెంబర్ జనవరి వైపు వైకుంఠ ఏకాదశి, వెంటనే సంక్రాంతి. చిత్తూరు వైపు మామిడి తోటలున్న వాళ్ళకి జూన్, జూలైలో తోతాపురి కోతలప్పుడు ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టర్ ఎప్పుడు వదులుతారో తెలియక ఇల్లంతా అక్కడే ఉంటాది. కొత్త క్యాలెండర్ రాగానే ఈ వారాల మీద ఎర్ర పెన్నుతో గీత గీసేయండి, వాటిల్లో ఇల్లు సున్నం కొట్టించడం, డాక్టర్ చెకప్, పిల్లల అడ్మిషన్ పనులు ఏవీ పెట్టొద్దు, దానికి ముందు వారంలోనే అయిపోవాలి.

ఎవరికైనా ఒంట్లో బాగాలేక నోట్‌బుక్ పది రోజులు తెరవలేదనుకోండి, పాత లిస్ట్ మొత్తం పూర్తి చేయాలని కూర్చోవద్దు. పాత పేజీలు ఒకసారి చదివి, గడువు దాటిపోయినవి కొట్టేసి, ఇంకా చేయాల్సినవి కొత్త పేజీలోకి ఎక్కించుకోండి, చాలా పనులు వాటంతట అవే పోయుంటాయి. ఆ రాత్రి మూడు కాకుండా ఒక్క పనే రాసుకోండి, అదీ ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అయ్యేది, గ్యాస్ బుక్ చేసేదో, కరెంట్ బిల్లు కట్టేదో.